కంటికొలత మాస్టారు కుట్టిన బెల్టు

వీధి మలుపులో కుట్టుమిషను వేసుకున్న ఆయన్ని అందరూ కంటికొలత మాస్టారు అనేవారు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూసి గుడ్డ కత్తిరించేసేవాడు. మెడలో టేపు ఉండేది కానీ అది అలంకారానికే. దాన్ని వాడటం ఆయనకు నామోషీ.

ఆయన భార్యకు వెన్నునొప్పి. కూర్చుంటే లేవలేదు, పడుకుంటే ఒత్తిగిల్లలేదు. చివరికి డాక్టర్లు ఆమె నడుము పక్కన చర్మం కింద ఒక చిన్న యంత్రం పెట్టారు. వెన్నులోని నరాలకు సన్నగా కరెంటు పంపి నొప్పిని జోకొట్టడం దాని పని. బయటికి తీగలేమీ లేవు. ఛార్జరు బిళ్ళను బయటినుంచి సరిగ్గా దానిమీద ఆనిస్తే చర్మం లోంచే ఛార్జి ఎక్కుతుంది. బిళ్ళ కాస్త పక్కకు జరిగిందా, కీచుమని అరిచి ఊరుకుంటుంది.

బిళ్ళ నిలవడానికి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన బెల్టును మాస్టారు రెండు వేళ్ళతో ఎత్తి చూసి, దీన్ని కుట్టినవాడు గోనెసంచులు కుట్టుకుంటే మేలని తేల్చేశాడు. మెత్తటి నూలుగుడ్డతో, బిళ్ళకు జేబు పెట్టి, తనే ఒకటి కుట్టాడు. అతికినట్టు సరిపోయింది. ఆ ఏడాదంతా ఆమె మార్కెట్టుకు నడిచి వెళ్ళొచ్చింది. మాస్టారు కాలరెగరేశాడు.

ఆ తర్వాత ఆమెకు కడుపులో వేరే జబ్బు పుట్టింది. తిండి సయించడం మానేసింది. బిళ్ళ మాటిమాటికీ కీచుమనేది. కదలకుండా కూర్చోలేవా అని మాస్టారు మిషను దగ్గర్నుంచే విసుక్కునేవాడు. ఒకరోజు ఆమె బెల్టు పట్టుకుని ఆయన ముందు నిలబడింది.

"ఒక్కసారి టేపు పెట్టి చూడండి."

"నీ కొలత నాకు టేపు చెప్పాలా?"

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కీచుమన్న చప్పుడు వినబడలేదు. చూశావా, నా కుట్టులో తప్పేం లేదు అనుకున్నాడు ఈయన. ఛార్జి పెట్టుకున్నంతసేపూ ఆమె అరచెయ్యి నడుము మీదే ఉండేది. అక్కడేం దాచుకున్నావు, నేను చూడకూడదా అని ఆటపట్టించేవాడు కూడాను.

ఆమె పోయిన పొద్దున ఆయన ఏడవలేదు. ఆమెకిష్టమైన నీలం గుడ్డ తీసి, ఎప్పటిలాగే టేపు ముట్టకుండా కత్తిరించి, ఆఖరి గౌను కుట్టాడు.

ఇన్నాళ్ళూ తల్లిని కనిపెట్టుకుని ఉన్న కూతురు ఆమెకు ఆ గౌను తొడిగి, తలుపు ఓరగా తీసి పిన్నీసులు అడిగింది. ఎందుకన్నాడు. ఆ పిల్ల తలుపు పూర్తిగా తీసింది. గౌనులో మనిషి ఉందో లేదో తెలియడం లేదు. రెండు పక్కలా గుప్పెడేసి గుడ్డ మిగిలిపోయింది.

"బెల్టు కూడా ఇంత వదులయ్యిందా?"

"బిళ్ళను చేత్తో అదిమి పట్టుకునేది నాన్నా. చెయ్యి నొప్పెడితే వదిలేసేది. ఛార్జి ఎక్కని పూట పళ్ళు బిగబట్టి పడుకునేది. నేను బిగించి కుడతానంటే వద్దంది, నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

"నాకు చెప్పొచ్చు కదా."

కూతురు మిగిలిన గుడ్డను తల్లి పక్కన సర్దింది.

"చెప్పింది కదా నాన్నా. టేపు పెట్టమని."

మాస్టారు మంచం పక్కన కూలబడ్డాడు. అప్పుడొచ్చింది ఏడుపు. కాసేపటికి మెడలోంచి టేపు తీసి, యంత్రం ఉన్నచోట ఒత్తుకోకుండా, ఆమె నడుము చుట్టూ తెచ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు టేపు పెట్టడం అదే మొదలు. అంకె ఆయనకు కనబడలేదు. కూతురు చదివి చెప్పింది.

పిన్నీసులు వద్దని, గౌను విప్పించి తీసుకెళ్ళి, మిషను ముందు కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.