అఖ్తర్ బీకి వినబడేట్టు

జమ్మలమడుగులో అశ్వత్థనారాయణ శెట్టి గుడ్డలంగడి వెనకాల రెండు గదుల ఆడపిల్లల బడి ఒకటి ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడక ముందు నుంచీ ఉండేది, ఆంధ్రప్రదేశ్ అయిన కొన్నేళ్లకు పోయింది. బడి అనగానే బల్లలూ కుర్చీలూ ఊహించుకోవద్దు. నేల మీద ఈతచాపలు, గోడకు ఒక నల్లబల్ల, అంగట్లోంచి వచ్చే కొత్తగుడ్డల గంజి వాసన, అంతే. ఆ బడిలో చదువు చెప్పే అయివారమ్మ ఆండాళ్.

ఆండాళ్‌ది గుడిలో అర్చకత్వం చేసుకునే ఇల్లు. కాపురానికి పోకముందే మొగుడు పోయాడు. వెనక పంచలో, ఎవరికీ ఎదురుపడకుండా, బియ్యంలో రాళ్లేరుకుంటూ బతుకు వెళ్లదీయవలసిన మనిషి. తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్న చిన్నాయన పార్థసారథి ఇంటిల్లిపాదితోనూ పోట్లాడి ఆమెను కడపకు టీచరు ట్రెయినింగుకు పంపాడు. తిరిగొచ్చేటప్పటికి ఆమెకు ఉద్యోగంతో బాటు గొంతు కూడా వచ్చింది. ఉద్యోగాన్ని ఊరు ఎట్లాగో ఓర్చుకుంది గానీ ఆ గొంతును చాలాకాలం ఓర్చుకోలేదు. పొద్దున్నే ఆమె ఎదురైతే మొహం తిప్పుకుని ఇంట్లోకి పోయి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే పెద్దమనుషులే తమ ఆడపిల్లల్ని ఆమె దగ్గరికి పంపారు. ఊళ్లో ఇంకో ఆడ అయివారు లేరు మరి. మనవాళ్ల పట్టింపులు ఇంతే, అవసరం వచ్చినప్పుడు మర్యాదగా పక్కకు తప్పుకుంటాయి.

పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకొచ్చేది అఖ్తర్ బీ అనే ముసలామె. చిన్నప్పుడు విషజ్వరం వచ్చి ఆమె చెవులు చాలామటుకు పోయాయి. గడప గడపకూ పోయి "పిల్లను పంపండమ్మా" అని పిలిచేది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి వీధి వీధంతటికీ వినపడేది. బడికి చేరినాక వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఆకూ వక్కా నములుతూ ఉండేది.

ఆండాళ్ ఆమెను పాఠానికి వాడుకుంది. ఏ పిల్ల లేచి ఎక్కం చెప్పినా, పద్యం చెప్పినా అది అఖ్తర్ బీకి వినబడాలి. వినబడితే ముసలామె తల ఊపుతుంది. ఊపిందంటే పాఠం వచ్చినట్టు, లేకపోతే మళ్లీ మొదటికి రావాలి. ఇంట్లో గుసగుసలు తప్ప నేర్వని పిల్లలు మొదట్లో ఏడ్చేవాళ్లు. ఆండాళ్ వదిలేది కాదు.

"గొంతు చించుకోమని కాదే, నోరు తెరవమంటాండా," అనేది. "నువ్వేమన్నా దొంగతనం చేసినావా, మెల్లగా చెప్పడానికి?"

ఆ బడిలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. తప్పు చేసిన పిల్ల తనంతట తాను లేచి చెబితే దెబ్బ లేదు, తిట్టు లేదు, ఇంట్లో వాళ్లకు చెప్పడం అంతకన్నా లేదు. కొన్నాళ్లకు పిల్లలు ఎంత దూరం వచ్చారంటే, పలక పగిలితే ఏడవడం మానేసి చెప్పడానికి లేచేవాళ్లు. ఆ వయసులో అది చిన్న సంగతి కాదు. పెద్దయినా చాలామందికి చేతకాని సంగతి.

వెంకటసుబ్బమ్మ ఆ బడికి వచ్చిన పిల్లల్లో అందరికన్నా మూగది. ఇంట్లో సుబ్బులు అనేవాళ్లు. తండ్రి బదరీనారాయణ శెట్టికి చిల్లరంగడి. తల్లి పురిట్లోనే పోయింది. జేజి గురవమ్మ, అంటే తండ్రి తల్లి, పెంచింది. గురవమ్మ పెంపకమంటే ఆడపిల్ల గొంతు పక్కగదికి వినపడకూడదు, నవ్వితే పళ్లు కనపడకూడదు. సుబ్బులు మొదటి ఏడాదంతా తలూపుడుతోనే గడిపింది. ఒకనాడు మంచినీళ్ల కుండ పగిలింది. ఎవరని ఆండాళ్ అడిగితే ఎవరూ పలకలేదు. చివరికి సుబ్బులు లేచి పెదవులు కదిపింది. ఆండాళ్ వెనక గోడ వైపు చెయ్యి చూపించింది. సుబ్బులు మళ్లీ చెప్పింది. ముసలామె నములుతూనే ఉంది. ఇంక తప్పదని ఆ పిల్ల కళ్లు మూసుకుని, "కుండ నేనే పగలగొట్టినా," అని ఉన్న బలమంతా పెట్టి అరిచింది. అఖ్తర్ బీ సంతోషంగా తల ఊపింది. పిల్లలంతా పకపకా నవ్వారు. వాళ్లతో బాటు సుబ్బులు కూడా పళ్లు కనపడేట్టు నవ్వింది.

ఆ తర్వాత ఆ పిల్లను ఆపడం కష్టమైంది. నాలుగో తరగతికి వచ్చేసరికి బడికి లీడరు. సాయంత్రం తండ్రి అంగట్లో కూర్చుని పత్రిక గట్టిగా చదివి వినిపిస్తుంటే బెల్లం కొనడానికి వచ్చిన రైతులు ఆ బెల్లం సంగతి మరిచి నిలబడి వినేవాళ్లు. గురవమ్మకు ఒళ్లు మండేది. ఆండాళ్‌కు మాత్రం ఆ పిల్ల మీద పెద్ద ఆశ పుట్టింది. అయిదు గట్టెక్కితే ప్రొద్దుటూరు హైస్కూలుకు, అక్కడి నుంచి ట్రెయినింగుకు పంపాలని, ఎవరెవరి కాళ్లు పట్టుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. పిల్లాజెల్లా లేని మనిషి. ఆశ పెట్టుకుంటే అట్లాగే నిండుగా పెట్టుకుంటుంది.

ఇంతలో బడికి గడ్డురోజులు వచ్చాయి. మగపిల్లల బడిలో ఆడపిల్లల్ని కూడా చేర్చుకోవడం మొదలైంది. అభ్యంతరం లేని వాళ్లు అక్కడికి పోయారు. కొన్ని కుటుంబాలు యాపారం కోసం ప్రొద్దుటూరికి కదిలిపోయాయి. మిగిలింది, మగపిల్లల మధ్య కూర్చోబెట్టడం కన్నా ఇంట్లో కూర్చోబెట్టడమే మేలనుకునే ఇళ్ల పిల్లలు. సుబ్బులు వాళ్లలో ఒకటి. ఉండవలసినంత మంది పిల్లలు లేకపోతే సర్కారు గ్రాంటు ఆగిపోతుంది. గ్రాంటు ఆగితే, ఆ బడి పెట్టిన గుడ్డలంగడి అశ్వత్థనారాయణ శెట్టి దాన్ని నడపడు. ఆ మాట ఆయన దాచుకోలేదు కూడా. ఇన్‌స్పెక్టరమ్మ ఫలానా రోజు వస్తుందని తెలిసినాక ఆండాళ్ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అయివారమ్మా, నేను చెప్పేది విను. పోయిన పిల్లోళ్ల పేర్లు కొట్టేయొద్దు. ఆ పొద్దుకు మా చుట్టాల పిల్లోళ్లను పిలుచుకొచ్చి కూర్చోబెడతా. పేరు పిలిస్తే ఆజరు చెప్తారు, అంతే. యాడ జూసినా జరిగేదే ఇది."

"అట్ల నేను చేయలేనప్పా."

"చేయకుంటే మానుకో. ఈ గదుల్లో గుడ్డల మూటలేసుకుంటా, నాకేం నష్టం? పిల్లోళ్ల మొగం జూసి చెప్తాండా."

ఆండాళ్ ఆ వారమంతా సరిగా తిండి తినలేదు. చివరికి ఒప్పుకుంది. శెట్టి కోసం కాదు, జీతం కోసమూ కాదు. బడి మూసేస్తే సుబ్బులు లాంటి వాళ్లకు చదువు ఆ రోజుతో సరి అని ఆమెకు తెలుసు. ఒక అబద్ధంతో ఇంతమంది పిల్లల చదువు నిలబడుతుంటే ఆ పాపం నేనే మోస్తాలే అనుకుంది.

ఒప్పుకున్న మనిషి ఆ పని సరిగానైనా చేయాలి కదా. ఆ రోజు పొద్దున్నే, బడి పెట్టకముందే, శెట్టి పిలుచుకొచ్చిన పిల్లలకు ఎవరి పేరుకు ఎవరు పలకాలో నేర్పించింది. తన పిల్లలకు మాత్రం ఏమీ చెప్పలేదు. అడిగితే ఇట్లా చెప్పండి అనడానికి ఆమెకు నోరు రాలేదు. తాను అబద్ధమాడడానికి సిద్ధపడింది గానీ పిల్లల చేత ఆడించడానికి సిద్ధపడలేదు. సగం అబద్ధంతో పని జరుగుతుందనుకుంది. అదీ ఆమె చేసిన పొరపాటు.

ఇన్‌స్పెక్టరమ్మ గుంటూరు వైపు మనిషి, సౌమ్యురాలు. హాజరు పిలిచారు, అన్ని పేర్లకూ ఎవరో ఒకరు పలికారు. లీడరు ఎవరని అడిగితే సుబ్బులు లేచింది. పాఠం చదివింది, లెక్క చేసింది, పద్యం చెప్పింది. ఆమె ముచ్చటపడిపోయి, ఇంక లేవబోతూ ఊరికే మాటవరసకు అడిగింది.

"నీ పక్కన కూర్చుందే, కాత్యాయని, నీ స్నేహితురాలా?"

సుబ్బులు పక్కకు చూసి, నేర్చుకున్నట్టే తలెత్తి, మాట మాటా విడిగా చెప్పింది. "ఈ పాప కాత్యాయని కాదమ్మా. కాత్యాయని వాళ్లు ప్రొద్దుటూరికి పోయినారు. ఈ పాప ఈ పొద్దే వచ్చింది. ఎనక వరసలో కూర్చున్నోళ్లు గూడా ఈ పొద్దే వచ్చినారు."

వెనక గోడ దగ్గర అఖ్తర్ బీ సంతోషంగా తల ఊపింది.

ఇన్‌స్పెక్టరమ్మ కాసేపు ఆండాళ్ వైపే చూసింది. చెడ్డ మనిషి కాదు కాబట్టి ఒక దారి చూపించింది. "చిన్నపిల్ల కదా, ఏదో పొరబడినట్టుంది. అంతేనాండీ?" తలుపు దగ్గర నిలబడిన శెట్టి అవునని చెప్పమన్నట్టు ఆత్రంగా సైగ చేస్తున్నాడు. ఒక్క "అవును"తో బడి నిలిచిపోతుంది. కానీ సుబ్బులు ఇంకా నిలబడే ఉంది. బాగా చెప్పినానా అన్నట్టు అయివారమ్మ మొహంలోకే చూస్తూ ఉంది. ఆ పిల్ల కళ్లెదుట ఆ పిల్లను అబద్ధాలకోరును చేయాలి. ఆండాళ్‌కు చేతకాలేదు.

"పొరబడలేదమ్మా. పాప చెప్పిందే నిజం. తప్పు నాది," అన్నది.

వేసవి సెలవులు కాగానే బడి మూతపడింది. గదుల్లో గుడ్డల మూటలు చేరాయి. ఎవరు ఎవరికి చెప్పారో గానీ, సుబ్బులు నోటివల్లే బడి పోయిందని ఊరంతా పాకింది. శెట్టి వీధిలో కనపడినప్పుడల్లా "ఏమ్మా, తల్లీ, చల్లగా చెప్పి మూసేపిస్తివే" అని నవ్వేవాడు. తోటి పిల్లలు మాట్లాడడం మానేశారు. వాళ్లకూ చదువు పోయింది, వాళ్ల బాధ వాళ్లది. పసిపిల్ల మీద ఇంత బరువు పెట్టామే అని ఒక్కరికైనా తోచలేదు.

ఆండాళ్‌కు కొన్నాళ్లకు పులివెందుల బడిలో పని దొరికింది. పోయేముందు సుబ్బులును చూడడానికి వాళ్లింటికి వెళ్లింది. ఆ పిల్ల వంటింటి గడప దగ్గర చింతపండు గింజలు తీస్తూ ఉంది. ఆండాళ్ కింద కూర్చుని చెప్పింది. "తప్పు నీది కాదే తల్లీ. నేను అబద్ధమాడినా. నువ్వు నిజం చెప్పినావు. నువ్వు చేసింది శానా మంచి పని."

సుబ్బులు తల ఎత్తలేదు. చేతిలో గింజ పక్కన పెట్టి మెల్లగా అడిగింది. "నేను చెప్పకుంటే బడి ఉండేది గదా?"

ఆండాళ్ తడబడింది. లేదే, ఎట్లయినా మూసేసే వాళ్లే అని ఒక్క మాట అనేసి ఉంటే సరిపోయేది. ఆడక తప్పని అబద్ధం లోకంలో ఏదైనా ఉంటే అది ఆ పూట ఆడవలసిన అబద్ధమే. అబద్ధాన్ని ఆడకూడని చోట ఆడిన మనిషికి, ఆడవలసిన చోట నిజం అడ్డం వచ్చింది.

"ఉండేది," అన్నది.

సుబ్బులు తల ఊపి మళ్లీ గింజలు తీయడంలో పడింది. ఆ తర్వాత ఎంత పలకరించినా బదులు రాలేదు. గురవమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తూ, "ఇప్పుడు మా పాప శానా బుద్ధిమంతురాలయిందమ్మా," అన్నది. "అంగట్లోకి పోదు, పత్రిక ముట్టదు. ఇంట్లో ఉందో లేదో గూడా తెలీదు." ఆమె మొహం నిండా తృప్తి. ఆండాళ్ మజ్జిగ తాగలేక గ్లాసు అక్కడే పెట్టి వచ్చేసింది.

పులివెందులలో ఆమె మంచి టీచరమ్మగానే పేరు తెచ్చుకుంది. పిల్లలకు చదువు చెప్పింది, శుభ్రం నేర్పింది, గట్టిగా పలకడమూ నేర్పింది. తప్పు చేసిన పిల్ల తనంతట తాను లేచి నిలబడితే మాత్రం మాట పూర్తి కాకముందే ఆపేసేది. కూర్చో, కూర్చో అనేసేది. సుబ్బులును ప్రొద్దుటూరులో బంగారంగడి వాళ్లకు ఇచ్చారని తెలిసింది. మంచిచోటే పడిందిలే అని మనసుకు సర్ది చెప్పుకుంది.

పదేళ్లు దాటిపోయాయి. ఒకసారి ప్రొద్దుటూరు నుంచి బస్సులో వస్తుంటే పక్కన సరోజమ్మ అనే ఆమె కూర్చుంది. ఊరూ పేరూ అడిగి, ఆండాళ్‌ది జమ్మలమడుగని తెలియగానే మాటల్లో పడింది.

"మా పక్కింటి కోడలిది మీ ఊరేనమ్మా. వెంకటసుబ్బమ్మ. పాపం, ఏం పాడు రాతో. ఇంట్లో బంగారు గొలుసు పోయింది. కోడలే పుట్టింటికి చేరేసిందని అత్త పట్టుబట్టి దాన్ని తండ్రి దగ్గరికి తోలేసింది. చంటిబిడ్డను ఈడనే పెట్టుకున్యారు. ఏడాదికి బయటపడింది, తీసింది ఆ అత్త చిన్నకొడుకేనని. ఇంకా ఇచిత్రం ఏందంటే, వాడు తీస్తాంటే ఆయమ్మ కళ్లారా చూసిందంట."

"చూసిందా?"

"చూసిందమ్మా. బిడ్డనెడబాసి ఏడాది ఏడ్చిందే గానీ నోరు తెరవలే. యాలకు చెప్పలేదే, ఎందుకు దాచినావే అని నేనే అడిగినా. 'చిన్నప్పుడు ఒగసారి చూసింది చూసినట్టు చెప్పినా, చాలు' అనింది. ఏం చెప్పిందో, ఏం జరిగిందో, ఎంత అడిగినా చెప్పదు. మీ ఊరి పిల్ల గదా, మీకేమన్నా తెలుసా?"



"నిజమే చెప్పిందమ్మా," అన్నది ఆండాళ్. "చెప్పమని నేర్పింది నేనే."

సరోజమ్మ ఇంకేదో అడుగుతూనే ఉంది. ఆండాళ్ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, పులివెందుల వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.