ఎల్బీ నగర్‌లో మూడో ఛార్జర్

దయ్యాల కబుర్లు చెప్పే పిల్లల నోరు నేను క్లాసులోనే మూయిస్తాను. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్తాను. కరెంటు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో బోర్డు మీద గీసి చూపించడమే నా బతుకుదెరువు. అలాంటిదాన్ని కూర్చుని ఇది రాస్తున్నందుకు నా మీద నాకే చిరాగ్గా ఉంది.

మా పెద్దమ్మది నకిరేకల్ పక్కన ఊరు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఊపిరితిత్తులు పాడై దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆసుపత్రిలో చేరింది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పిన రోజు ఆమె అడిగింది ఒక్కటే.

"నా ఇంట్లనే పోవాలె బిడ్డా. బైట పాణం పోతే లోపలికి రానియ్యరు."

మా వైపు అది నిజం. బయట ప్రాణం పోయిన మనిషిని గడప దాటించరు. వాకిట్లో పడుకోబెట్టి అటు నుంచి అటే తీసుకుపోతారు. ఆ ఇల్లు ఆమె కూలికి పోయి కట్టుకున్నది. రెండే గదులు. అందులో ఒక గదిలో కన్ను మూయాలని ఆమె పట్టు.

అంబులెన్స్ ఎక్కనంది. "అండ్ల ఎక్కితె సచ్చినట్టే" అని మొండికేసింది. మన కారు ఉంది కదా అన్నాను.

మాది ఎలక్ట్రిక్ కారు. కొన్నప్పుడు స్టాఫ్ రూమ్‌లో నేనే గొప్పలు చెప్పాను. కొన్నాక తెలిసింది, కారు మంచిదే, దానికి తిండి పెట్టేవాళ్లే దొంగలని. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్గు పెట్టనివ్వరు, మంటలొస్తాయట. రోడ్డు మీది ఫాస్ట్ ఛార్జర్లే గతి. వాటిలో సగం చచ్చి ఉంటాయి, మిగతా సగం మన పని మధ్యలో ఉండగా చస్తాయి. ముందురోజు సాయంత్రం ఒకదానికి తగిలించి పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఛార్జింగ్ అవుతోందనే యాప్ చూపించింది. తిరిగొచ్చి చూస్తే అది నేను పెట్టిన కాసేపటికే ఆగిపోయి ఉంది.

మర్నాడు ఉదయం డిశ్చార్జ్. ఎల్బీ నగర్‌లో హైవే ఎక్కేముందు ఛార్జింగ్ పట్టిద్దాం అనుకున్నాం. యాప్‌లో అక్కడి మూడు మెషిన్లూ పని చేస్తున్నట్టు పచ్చగా కనిపించాయి.

వెళ్లి చూస్తే మొదటిదాని తెర నల్లగా ఉంది. రెండోది ఎర్రలైటు వేసి ఏదో ఎర్రర్ చూపిస్తోంది. దాని ముందు ఒక క్యాబ్ డ్రైవర్ కస్టమర్ కేర్‌తో తగువాడుతున్నాడు. "రీస్టార్ట్ చేస్తున్నం అంటున్నరు మేడం, పొద్దటి సంది గదే మాట" అన్నాడు నాతో. ఎండ మండిపోతోంది. వెనక సీట్లో మా ఆయన పెద్దమ్మ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్ల దగ్గర ఆక్సిజన్ సిలిండర్, ఆమె వేలికి ఆక్సిజన్ చూపించే క్లిప్పు. వేరే క్యాబ్ కోసం ఫోన్ చేస్తే, పేషెంట్ అనగానే ఇద్దరు కట్ చేశారు. బండిలో పోతే ఎవరు దిక్కని మూడోవాడు మొహమాటం లేకుండానే అడిగాడు.

మూలనున్న మూడో మెషిన్‌కి ఇంకా ప్లాస్టిక్ కవరు సగం చుట్టి ఉంది. తెర మాత్రం వెలుగుతోంది. విసుగుతో దాని ఛార్జింగ్ గన్ను లాగి కారుకు పెట్టాను. ఫోన్‌తో స్కాన్ కూడా చేయలేదు. టక్కుమని లాక్ పడింది, ఛార్జింగ్ మొదలైంది.

పోనీలే, ఒక్కటైనా పని చేసింది అనుకున్నాను. అప్పుడు మా ఆయన అద్దం దించి పిలిచాడు. ఆయనది గుంటూరు వైపు. "ఏంటో ఆక్సిజన్ పడిపోతోంది, సిలిండర్ ఒకసారి చూడు" అన్నాడు.

సిలిండర్ బాగానే ఉంది. క్లిప్పు తీసి నా వేలికి పెట్టుకున్నాను. అదీ బాగానే ఉంది. మళ్లీ ఆమెకు పెట్టాను. కారు తెర మీద బ్యాటరీ అంకె ఒకటి పెరిగింది. ఆమె వేలి మీద అంకె ఒకటి తగ్గింది.

కాకతాళీయం అనుకున్నాను. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

ఇంతలో ఆ డ్రైవర్ నా దగ్గరికొచ్చి, "మేడం, గది ఎట్ల నడుస్తుంది? దానికింక కనెక్షనే ఇయ్యలే" అన్నాడు. మెషిన్ వెనక్కి వెళ్లి చూశాను. లావుపాటి కేబుల్ చుట్ట చుట్టి మట్టిలో పడేసి ఉంది. చివర టేపు చుట్టి ఉంది. ఇంకే తీగా ఆ డబ్బాలోకి పోవడం లేదు.

గన్ను లాగేద్దామని పరుగెత్తాను. పొద్దుటి నుంచి నోరు విప్పని పెద్దమ్మ కళ్లు తెరిచింది.

"ఉండనియ్యి" అంది. "ఇల్లు చేరాలె గద."

ఆమెకు ఛార్జింగ్ అంటే ఏమిటో తెలియదు. మేము ఆ అంకెల గురించి ఆమె ముందు ఒక్క మాట మాట్లాడలేదు. నేను గన్ను మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను.

కొంతసేపటికి మా ఆయన, "ఊరికి సరిపోతుంది, ఇక తీసెయ్. తక్కువైతే దారిలో చౌటుప్పల్‌లో ఇంకో ఛార్జర్ ఉందిగా" అన్నాడు. కానీ చౌటుప్పల్ మెషిన్‌ని ఎవడు నమ్ముతాడు? ఇంతకుముందు అక్కడ రెండుసార్లు ఎండలో నిలబడ్డాను. మధ్యలో ఆగిపోతే ఆమె రోడ్డు మీదే పోతుంది. ఎలక్ట్రిక్ కారు నడిపే వాళ్లందరం చేసే పనే నేనూ చేశాను. దొరికిన చోట అవసరానికి మించి పట్టించాను. ఆ తర్వాతే లాగాను.

గన్ను ఊడగానే ఆమె అంకె తగ్గడం ఆగింది. మళ్లీ పెరగలేదు.

దారిలో ఎక్కడా ఆగలేదు. ఊళ్లోకి వచ్చాం, వీధి మలుపు తిరిగాం. ఇల్లు కనిపిస్తోంది. తలుపులు తీసి లోపల మంచం వాల్చి ఉంచారు. కారు ఇంకా ఆగకముందే మా ఆయన వెనక నుంచి నా భుజం పట్టుకున్నాడు.

పెద్దమ్మను వాకిట్లోనే పడుకోబెట్టారు. నేను బతిమాలాను, అరిచాను, తిట్టాను. "రివాజు తప్పొద్దు బిడ్డా" అన్నాడు మా పాలివాళ్లలో పెద్దాయన. ఆ గడప ముందే స్నానం చేయించి తీసుకుపోయారు.

తర్వాత ఆ ఛార్జర్ కంపెనీకి ఫోన్ చేశాను. ఆ రోజు నా పేరు మీద ఎక్కడా ఛార్జింగ్ జరగలేదన్నారు. మూడో మెషిన్ ఇంకా మొదలే పెట్టలేదన్నారు. యాప్‌లో పచ్చగా ఎందుకుంది అంటే, ఫిర్యాదు నమోదు చేస్తామన్నారు. నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను. మా ఆయన కూడా ఆ అంకెలు చూశాడు, క్యాబ్ డ్రైవర్ ఆ కేబుల్ చూశాడు. అది కరెంటు కాదు. మరేమిటో ఈ రోజుకీ నాకు అర్థం కాలేదు.

పెద్దమ్మ పోయిన సాయంత్రం, అందరూ వెళ్లాక కారు పక్కకు పెడదామని ఎక్కాను. ఇంకా అరవై కిలోమీటర్లు పోవచ్చని తెర మీద చూపిస్తోంది.

ఆ మిగిలినదాన్ని రోడ్డు మీద ఖర్చు చేయడానికి నాకు మనసు రాలేదు. ఇద్దరం బస్సులో వచ్చేశాం. కారు ఆ వాకిట్లోనే ఉంది.