రుజువు మామయ్య

మామయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరేం చెప్పినా "రుజువేదీ?" అంటాడు. "వానొస్తోంది మామయ్యా, బట్టలు తీయండి" అని కోడలు కేకేస్తే "రుజువేదీ?" అంటాడు. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొస్తే, నెత్తిన నాలుగు చినుకులు పడ్డాకే తాడు దగ్గరికి కదులుతాడు. అప్పటికి బట్టలు తడిసి ముద్దవుతాయి. పక్కింటాయన కాలు విరిగిందంటే చూడబోయి, కట్టు కళ్ళెదురుగా ఉన్నా సరే, ఎక్స్‌రే తెచ్చి చూపించేదాకా కుర్చీలో కూర్చోలేదు మహానుభావుడు. వీధి వీధంతా ఆయన్ని రుజువు మామయ్య అనే పిలుస్తుంది.

"బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసీ చేసీ ఇలా తయారయ్యారమ్మా," అంటుంది అత్తయ్య. "ఉద్యోగం దిగారు గానీ చెకింగు దిగలేదు. మొన్న 'ఇవాళ మన పెళ్ళిరోజండీ' అంటే, రుజువేదీ అన్నారు. నేనే కదయ్యా రుజువు అన్నాను. ఎగాదిగా చూసి సరేనన్నారు!"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ "ఈ ఒక్కసారికి వదిలెయ్యండి సార్" అని జనం జేబులు తడుముకుంటూ ఎంత బతిమాలినా, ఒక్కర్ని వదిలిన పాపాన పోలేదట. సొంత బావమరిదిని కూడా సగం దారిలో దింపేశాడట. ఆ బావమరిది ఇప్పటికీ ఆయనతో మాట్లాడడు.

కోడలికి ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఇంటికి ఓవెన్ వచ్చేదాకా.

ఆ అమ్మాయి కేకులు చేసి అమ్ముతుంది. భర్త పనిచేసే కార్ఖానా మూతబడ్డాక ఇల్లంతా ఆ కేకుల మీదే నడుస్తోంది. మెడలో గొలుసు అమ్మి పెద్ద ఓవెన్ కొంది. ఆ మాయదారిది ఎడమవైపు మాడుస్తుంది, కుడివైపు పచ్చిగా వదిలేస్తుంది. కంపెనీ మనిషి వచ్చి చూసి, "మీకు వాడడం చేతకావట్లేదు" అనేసి చక్కా పోయాడు. మాడిన ముక్కలన్నీ మామయ్యే కరకరా నమిలేవాడు.

"పారేద్దాం మామయ్యా, చేదు!"

"సాక్ష్యం పారేస్తారటే ఎవరైనా?"

"తినేస్తే మాత్రం మిగులుతుందా?"

"నా కడుపులో భద్రంగా ఉంటుంది. కేసు వేద్దాం పద."

"వకీలుకి డబ్బు ఎక్కడ తెచ్చిస్తాం?"

"వినియోగదారుల కోర్టులో వకీలు అక్కర్లేదు. నీ మాట నువ్వే చెప్పుకోవచ్చు."

"నేనా! నలుగురు నావైపు చూస్తే నాకు నాలుక పిడచగట్టుకుపోతుంది!"

"రుజువేదీ?" అన్నాడు మామయ్య.

రుజువు ఎందుకు, వీధిలో అందరికీ తెలుసు. కూరగాయలవాడు పుచ్చు వంకాయలు అంటగట్టినా నోరెత్తకుండా తెచ్చుకునే పిల్ల అది.

మొత్తానికి కేసు వేశారు. ఆ రోజు నుంచీ కోడలికి ఇంట్లోనే నరకం. మామయ్య పొద్దున్నే వాకింగని మాయమై, మధ్యాహ్నం దాటాక వచ్చి, పిండి కలుపుతున్న ఆమె ఎదురుగా స్టూలేసుకుని కూర్చునేవాడు.

"ఈ కేకు ఎవరు చేశారు?"

"నేనే."

"పనివాళ్ళని పెట్టుకున్నావేమో?"

"మన మొహాలకి పనివాళ్ళు కూడానా!"

"గొంతు చాల్లేదు. రుజువేదీ?"

ఒకరోజు ఒళ్ళు మండిపోయి, కాలి మచ్చలు కట్టిన చేతులు రెండూ ఆయన మొహం ముందుకు చాపి "ఇవిగో రుజువు!" అని అరిచేసింది. అరిచాక తనే హడలిపోయింది. మామయ్య మాత్రం "ఊఁ" అని లేచి, మాడిన ముక్కొకటి పట్టుకుని పోయాడు.

విచారణ రోజు రానే వచ్చింది. కోర్టు హాల్లో ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. ఎందరి చెమట చేతులు పట్టుకున్నాయో, బోను కమ్మీకి రంగు మిగల్లేదు. ఓవెన్‌లో లోపముందని కోర్టు పంపగా వచ్చి పరీక్షించినవాళ్ళు ముందే తేల్చారు. అయినా కంపెనీ ఒప్పుకోలేదు. ఇవాళ ఓడిపోతే ఓవెనూ పోయె, గొలుసూ పోయె, ఇక ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. కోడలు వెనక్కి తిరిగి చూసింది. తలుపు సందులోంచి మామయ్య బట్టతల సగం కనిపించింది. ఆ పెద్దమనిషికి లోపలికొచ్చే ధైర్యం లేదు!

కంపెనీ వకీలు నవ్వుతూ లేచాడు. "చెప్పమ్మా, ఈ ఓవెన్ ఇంట్లో తినడానికి కొన్నావా, అమ్మడానికా?"

అమ్మడానికంటే వ్యాపారం. వ్యాపారం కోసం కొంటే వినియోగదారు కాదు, కేసే చెల్లదు. తినడానికంటే పచ్చి అబద్ధం. కోడలి నాలుక అంగిలికి అతుక్కుపోయింది. జడ్జిగారు రాయడం ఆపి తలెత్తారు.

"చెప్పమ్మా," అన్నారావిడ.

"అమ్మడానికే," అంది కోడలు.

వకీలు నవ్వు చెవుల దాకా సాగింది. "అంటే వ్యాపారమే. పనివాళ్ళు ఎంతమంది?"

ఇదెక్కడో విన్న ప్రశ్నే! ఎక్కడో ఏమిటి, రోజూ పిండి గిన్నె ముందు వింటున్నదే. ఓస్, ఇంతేనా! ఈయన మా మామయ్య కాలిగోటికి కూడా చాలడు అనుకుందామె. గొంతు దానంతటదే లేచింది.

"పనివాళ్ళా! కలిపేది నేను, కాల్చేది నేను, మోసుకెళ్ళి ఇచ్చేది నేను. మా ఇంటిల్లిపాదికీ అదే కూడు!"

"దానికి రుజువేదీ?" అన్నాడు వకీలు, పాపం, తెలియక.

కోడలు రెండు చేతులూ ముందుకు చాపింది. "ఇవిగో!"

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని ఆ వేళ్ళవంక చాలాసేపు చూశారు. తీర్పు భోజనాల తర్వాత అన్నారు. భోజనాలయ్యాక అందరూ మళ్ళీ లోపలికొచ్చారు.

"పొట్టకూటికి తన చేతులతో తానే పనిచేసుకునే మనిషి వినియోగదారే," అని చదివారు జడ్జిగారు. "కంపెనీ ఓవెన్ వెనక్కి తీసుకుని డబ్బంతా ఇచ్చెయ్యాలి."

కోడలు కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బంట్రోతే వచ్చి మెల్లగా విడిపించాడు.

"ఆ తలుపు దగ్గర పెద్దాయన మీవాళ్ళా అమ్మా? రోజూ పొద్దున్నే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. వకీళ్ళు ఏం అడిగినా పెదాలు కదుపుతూ బట్టీ కొడతారు. ఈ వయసులో లా చదువుతున్నారేమో అనుకున్నాం!"

వాకింగట, వాకింగు! కోడలికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి పరుగెత్తింది. మామయ్య చేతిలో అట్టపెట్టె ఉంది. అందులో కేకు.

"ఇదెప్పుడు కొన్నారు?"

"పొద్దున్నే. నువ్వు గెలుస్తావని నాకు ముందే తెలుసు."

కోడలు నడుం మీద చెయ్యి వేసుకుంది. "రుజువేదీ?"

మామయ్య చొక్కా జేబు తడిమాడు, ప్యాంటు జేబు తడిమాడు, రెండూ ఖాళీయే.

"ఈ ఒక్కసారికి వదిలెయ్యమ్మా," అన్నాడు.