నల్ల కవరుతో పాతిన మొక్కలు

జ్ఞానమ్మ కడియం నర్సరీలో పద్దెనిమిదేళ్లుగా నల్ల కవర్లలో మట్టి నింపి మొక్కలు పెంచుతోంది. నలుగురిలో నోరు విప్పని మనిషి. మొక్కల దగ్గర మాత్రం ఆమె చేతికి తిరుగులేదు.

రెండువేల సంవత్సరంలో పచ్చదనం వారోత్సవానికని ఆమె పెంచిన సరుగుడు మొక్కల్ని ఉప్పాడ దగ్గరి ఒక పల్లెకు లారీలో పంపారు. దించడానికి తనూ వెళ్లింది. సముద్రం అప్పటికే అక్కడ రెండు వీధుల్ని మింగేసింది. ఇళ్లు పోయినవాళ్లు వలల షెడ్డులో తలదాచుకుంటున్నారు.

ఒక అధికారి మైకులో చెబుతున్నాడు. "ఇంటికో మొక్క. అది బతికితేనే కొత్త ఇల్లు. ఎండిందా, లిస్టులో పేరు కొట్టేస్తాం. భయముంటేనే మీకు బాధ్యత తెలుస్తుంది!"

సముద్రాన్ని వీళ్లే పిలుచుకొచ్చినట్టు మాట్లాడుతున్నాడే అని జ్ఞానమ్మకు ఒళ్లు మండింది.

మొదటి మొక్క చేపలమ్మే మరిడమ్మది. అధికారి దాన్ని కవరుతో సహా గుంటలో దింపి ఫొటో తీయించుకున్నాడు. ఆయన్ని చూసి అందరూ అలాగే పాతేశారు. ఇసుకలో మట్టి జారిపోకుండా కవరు ఉంచాలేమో అనుకున్నారు పాపం.

"అయ్యా, కవరు కొయ్యాలండి. లేకపోతే వేరు సాగదండి," అంది జ్ఞానమ్మ.

"కూలికొచ్చావు, దించి పో. పాఠాలు చెప్పకు."

మరిడమ్మ ఊరుకోలేదు. "అది చస్తే నా ఇల్లు పోద్ది బాబూ! తమరిదేం పోద్ది, ఫొటో అయిపోయింది!"

జ్ఞానమ్మ వంగి, అధికారి పాతిన మొక్కను పైకి తీసింది. బ్లేడుతో కవరు చీల్చి, మట్టిముద్ద చెదరకుండా మళ్లీ నాటింది. ఆడవాళ్లంతా తమ మొక్కలు పీక్కొచ్చి ఆమె ముందు పెట్టారు.

"ప్రభుత్వ మొక్కలు పీకుతారా? వీళ్ల పేర్లు రాయవయ్యా!" అధికారి తన గుమాస్తా మీద అరిచాడు.

"నాదే ముందు రాయండి," అంది మరిడమ్మ. "ఫొటోలో మీ పక్కనున్నది నేనే!"

మరుసటి ఏడు జ్ఞానమ్మ కొత్త మొక్కల లారీతో మళ్లీ వెళ్లేసరికి సరుగుడు మనిషెత్తు పెరిగింది. మరిడమ్మ మాత్రం వలల షెడ్డులోనే ఉంది.

"ఇల్లు రాలేదేంటి వదినా?"

"మొక్కలు పీకినోళ్లమంట."

"అవి బతికే ఉన్నాయిగా! ఎవరూ చూడలేదా?"

"కాగితం చూశారు. ఇటెవరొచ్చారు?"

అంతలో అదే అధికారి మైకు పట్టుకుని జనం బాధ్యత గురించి మొదలుపెట్టాడు. జ్ఞానమ్మ లారీకి అడ్డంగా నిలబడింది. ఒక్క మొక్కనూ దించనివ్వలేదు.

"ముందు వెనక్కి తిరిగి ఆ చెట్లు చూడండి. వీళ్ల పేర్లు మళ్లీ లిస్టులో ఎక్కించండి. అప్పుడు దించుతానండి."