మడమలు తడిసిన మధ్యాహ్నం

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వొచ్చేది. హాస్టల్లో అలాంటి కథలు చెప్పేవాళ్లను ఏడిపించి వదిలేదాన్ని. ఇప్పుడు నేనే ఒకటి చెప్పబోతున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఉద్యోగం మానేసి, వీపున బ్యాగు తగిలించుకుని ఊళ్లు తిరుగుతున్న రోజులవి. అండమాన్‌లో ఓ చిన్న దీవిలో దిగి అక్కడే అతుక్కుపోయాను. పొద్దున సముద్రంలో మునగడం, మధ్యాహ్నం గుడిసెలో నిద్ర, సాయంత్రం సైకిలు. చెప్పులు ఎక్కడ వదిలేశానో కూడా గుర్తుండేది కాదు.

అలాంటప్పుడు చెన్నై నుంచి అత్త ఫోను. "అవ్వకు మతి నిలవడంలే పాపా. మీ మామను కూడా ఎవురు నువ్వంటా ఉంది. సీక్రం వచ్చి చూసిపో."

అవ్వంటే మా అమ్మ తల్లి. నా వేసవి సెలవులన్నీ వాషర్‌మెన్‌పేట్‌లో ఆమె దగ్గరే గడిచాయి. నన్ను ఒక్కసారి గుర్తుపడితే చాలనుకుంటూ పడవెక్కి, విమానమెక్కి వచ్చేశాను.

చెన్నైలో దిగగానే దడ పుట్టింది. అవ్వ వాళ్ల సందు నిండా బట్టల మూటలు, బళ్లు, హారన్లు. నా బ్యాగు తగిలినవాళ్లంతా తిట్టారు. పక్కకు తప్పుకోమంటూ "ఓరమా పోమ్మా!" అని ఒకాయన అరిస్తే ఏడుపొచ్చినంత పనైంది. దీవి వదిలి ఎందుకొచ్చానా అని కూడా అనిపించింది.

ఇంటి తలుపు తీసే ఉంది. అవ్వకు ఒక పట్టింపు. బయటినుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవాలి, మడమలు తడవాలి. మడమ పొడిగా ఉంటే శని వెంట వస్తాడట. చిన్నప్పుడు నేనేమో వేళ్ల మీద ఇన్ని నీళ్లు చల్లుకుని లోపలికి ఉరికేదాన్ని.

గడప దగ్గర చెప్పులు విప్పుతుంటే, లోపలి చీకట్లోంచి ఇత్తడి చెంబు ముందుకొచ్చింది. పట్టుకున్న చేతి మీద అవ్వకుండే తేలు పచ్చబొట్టు. "మడమ తడవలే చిట్టీ. తిప్పు," అంది అవ్వ గొంతు.

తిప్పాను. చల్లటి నీళ్లు. దీవి ఇసుక తెల్లగా గడప మీదికి జారింది. చిట్టీ అని నన్ను పిలిచేది ఆమె ఒక్కతే. నాకు ప్రాణం లేచొచ్చింది.

తలెత్తేసరికి అవ్వ లేదు. వెనకే లోపలికి వెళ్తే నడిమింట్లో మంచం మీద పడుకుని ఉంది. అత్త వంటగదిలోంచి వచ్చింది. అవ్వ లేచి తిరుగుతోందే, ఇత్తడి చెంబుతో నా కాళ్లకు నీళ్లు కూడా పోసింది అన్నాను సంతోషంగా.

"లేసేదా? పక్కకు తిరగాలన్నా నేను పట్టుకోవాల కదమ్మా. ఆ చెంబు అటకెక్కి ఎన్నేళ్లో అయింది. ఈడ నేను తప్పితే ఎవురుండారు?"

అటక మీద చూశాను. చెంబు బూజు పట్టి ఉంది. ఎండదెబ్బ అన్నారు, ప్రయాణపు అలసట అన్నారు. కావచ్చు. కానీ నా కాళ్ల నుంచి కారిన నీళ్లు తుడిచింది అత్తే.

అవ్వ చేయి పట్టుకుని కూర్చున్నాను. నన్ను చాలాసేపు చూసింది. "ఎవురమ్మా నువ్వు?" అంది. చెప్పాను. తెలియలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె చూపు నా కాళ్ల మీదికి దిగింది. "ఎవురి బిడ్డో పాపం," అంది అత్తతో. "మడమలు బాగా తడుపుకొని వచ్చుండాది. తువ్వాలు ఇయ్యి."

పోయేదాకా నేనెవరో ఆమెకు గుర్తురాలేదు. గడప దగ్గర నీళ్లు పోసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గొంతుకు మాత్రం నేనెవరో తెలుసు.