పేరు దగ్గర ఆగిపోయిన పాట

మా చిన్నప్పుడు ఓ మధ్యాహ్నం, మలేషియాలోని బంటింగ్ ఊరి చర్చి హాల్లో స్టేజి వెనక గోడ పట్టుకుని నిలబడ్డాను. నాకప్పుడు పదేళ్లు. కోత పండగ రోజు. ఇంకాసేపట్లో మా బాబాయి బ్యాండుతో నేను పాడాలి.

బాబాయి పేరు దానియేలు. పోర్ట్ క్లాంగ్ రేవులో కంటైనర్ల పని. ఓడలో వచ్చిన ఒకాయన ఇచ్చిన క్యాసెట్టులో హుషారుగా పరుగెత్తే అమెరికా కొండవాళ్ల బ్లూగ్రాస్ సంగీతం విని పిచ్చెక్కిపోయాడు. ఎక్కడో పాత బాంజో సంపాదించాడు. మాండలిన్, ఫిడేలు, గిటారు వాయించే ముగ్గుర్ని పోగేశాడు. రబ్బరు తోటల ఎస్టేటుల్లో మనవాళ్లు పాడుకునే పాటల్ని ఆ పరుగులో వాయించడం వాళ్ల ప్రయోగం... కలుపు పాట, జోల పాట, ఏది దొరికితే అది.

ఈసారి పాట నేనిచ్చాను. మామ్మ గిన్నెలు తోముతూ కూనిరాగం తీసేది... "పొద్దు వాలింది, కూడు సల్లారింది, ఇంటికి రా నాయనా" అని. ఆ తర్వాత ఓ పేరు రావాలి. అక్కడికొచ్చేసరికి మామ్మ పెదవులు బిగించి ఊరికే మూలిగేది. కొడుకుని అన్నానికి పిలిచే పాట అనుకున్నాం. మా తెలుగు అంతే మరి. బాబాయి ముచ్చటపడి ఆ ఖాళీలో తన పేరే పెట్టేశాడు. మామ్మకి ముందుగా చెప్పలేదు, విని మురిసిపోతుందని.

స్టేజి వెనక నా జడకి రిబ్బను కడుతున్న అమ్మ, నేను పాడుకుంటుంటే విన్నది. చేతులు ఆగిపోయాయి.

"ఎవులు నేర్పినారే నీకు? సవం కాడ పాడతారది. బతికున్నోడి పేరు ఎట్టకూడదు."

మామ్మ పెద్దకొడుకు, మా పెదనాన్న, నేను పుట్టకముందే ఎస్టేటు లారీ బోల్తాపడి చనిపోయాడు. ఆ రోజు మామ్మ పాడిన పాటట. బాబాయి అప్పటికి మరీ చిన్నవాడు. అమ్మ చెప్పడం పూర్తికాకుండానే తమిళంలో మా బ్యాండు పేరు పిలిచేశారు. బాబాయికి చెప్పాలని పరిగెత్తాను... చెప్పేదెలా? ఆ బ్యాండుకి ఒకటే మైకు. అందరూ దాని చుట్టూ నిలబడాలి, వంతు వచ్చినవాళ్లు ముందుకు జరగాలి. గుసగుసలాడినా హాలంతా వినపడుతుంది.

బాంజో మొదలైంది. ఫిడేలు అందుకుంది. జనం చప్పట్లతో తాళం వేస్తున్నారు. ముందు వరసలో మామ్మ ఒక్కతే కదలకుండా కూర్చుంది. రాగం గుర్తుపట్టేసింది. కన్నతల్లి ముందే కొడుక్కి చావుపాట... నేను ఆ పేరు పలికితే బాబాయికి ఏదో అయిపోతుందని నిజంగానే భయపడ్డాను.

పొద్దు వాలింది అన్నాను. కూడు సల్లారింది అన్నాను. పేరు దగ్గరికొచ్చి నోరు మూసేశాను. బాబాయి పాడవే అన్నట్టు కళ్లెగరేశాడు. అదే చరణం మళ్లీ తిప్పి వాయించారు. మళ్లీ నోరు మూసేశాను. చప్పట్లు తడబడ్డాయి. వెనక ఎవరో నవ్వారు.

మూడోసారి ఆ ఖాళీ వచ్చేసరికి మామ్మ లేచి నిలబడింది. కొంగు తలమీద కప్పుకుంది.

"సామేలూ..." అంది.

గట్టిగా కూడా అనలేదు. అది పెదనాన్న పేరు. బాబాయి చెయ్యి తీగల మీదే ఆగిపోయింది. అది చావుపాటని అప్పుడు తెలిసిందతనికి. ఫిడేలు ఒక్కటే నెమ్మదిగా వెంట నడిచింది... మామ్మ ఆ పాట చివరిదాకా పాడింది.

ఇంటికొచ్చాక బాబాయి తలెత్తలేకపోయాడు. తిడుతుందని నేను తలుపు చాటుకి చేరాను. మామ్మ అతని పక్కన కూర్చుని, "ఇన్నేళ్లూ ఆడి పేరు నా నోట రానేదు నాయనా. ఈ పొద్దు వచ్చినాది" అంది. అంతే, ఏడుస్తూ కూర్చుంది.

మొన్న మామ్మ పోయింది. ఇంట్లో ఎవరో ఫోనులో పాటలు పెట్టారు... చుట్టూ మనవలు, మునిమనవలు, తెలుగు అర్థమయ్యేవాళ్లే నలుగురు లేరు. నాకు ఆ పాట మొత్తం వచ్చు. ఎవరేమనుకుంటారోనని నోరు పెగల్లేదు.

మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఇలాంటి పాటలు వస్తే, అవి ఎప్పుడు పాడతారో కూడా అడిగి ఇక్కడ రాయండి... పాడాల్సిన రోజు వస్తే మాత్రం సిగ్గుపడకుండా పాడండి.