రెండు రబ్బరు బ్యాండ్ల సీసా

మా పిన్ని సొంతింటికే అతిథిగా వస్తుంది. ఒకసారి కాదు, వీలు దొరికినప్పుడల్లా వస్తుంది. పెట్టె పట్టుకుని వెనక గుమ్మంలోంచి బయటికెళ్ళి, సందు తిరిగి ముందు గుమ్మం దగ్గరికొచ్చి బెల్లు కొడుతుంది. తలుపు తీసిన బాబాయ్‌ని ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు చూసి, "రూమ్ బుక్ చేసుకున్నాను. చూపిస్తారా?" అంటుంది.

"పొయ్యి మీద కూర పెట్టావు కదే?"

"ఏం కూరండీ? నేనిప్పుడే రైలు దిగాను."

బాబాయ్ నిట్టూర్చి, "రండి మేడం" అని పెట్టె అందుకుంటాడు. పక్కకి తిరిగి నాతో, "గెస్టుగారొచ్చారు. నువ్వెళ్ళి ఆ పొయ్యి కట్టేయరా" అంటాడు. ఉద్యోగం పేరు చెప్పి ఆ ఇంట్లో మకాం వేసినవాణ్ణి కాబట్టి, గెస్టుగారి పెట్టె మేడమీదికి మొయ్యడం కూడా నా పనే.

మేడమీద గదిని రెండు మూడు రోజులుండి పోయేవాళ్ళకి అద్దెకిస్తారు. ఆ గదిలోకి ఏ వస్తువు రావాలన్నా ముందు పిన్ని పరీక్షలో నెగ్గాలి. పొడుగు మనిషొస్తే ఎలా అని నెత్తిన గిన్నె బోర్లించుకుని తిరిగింది. షవర్‌కి తగిలి గిన్నె టంగుమంది. మర్నాడే ప్లంబరొచ్చి షవర్‌ని జానెడు పైకి జరిపాడు. చెయ్యి విరిగిన అతిథిలా ఒంటిచేత్తో బిస్కెట్ల డబ్బా తియ్యబోతే మూత రాలేదు, డబ్బా మారింది. అలిగిన అతిథిగా వచ్చినప్పుడైతే మా ఇద్దరి మీదా అరిచి తలుపు దబాల్న వేసింది. తలుపు వెనక రబ్బరు బిరడా అలా వచ్చిందే. "ఆ అరిచింది నటనేనంటావా?" అని బాబాయ్ నన్ను ఇప్పటికీ అడుగుతూ ఉంటాడు.

ఇంత చేసినా కొంప మునిగింది. అందంగా ఉంటాయని ఒకే రకం తెల్లసీసాలు కొంది పిన్ని. సబ్బు, షాంపూ, నేల తుడిచే మందు, అన్నీ వాటిలోనే. ఓ పెద్దమనిషి నేల తుడిచే మందుతో తలంటుకున్నాడు. ఆయన జుట్టు ఘుమఘుమలాడిపోయిందిగానీ మా పరువు పోయింది. అంతకుముందే ఒకావిడ బాత్‌రూమ్‌లో కాళ్ళ కింది పట్టా జారిందని ఫిర్యాదు చేసి ఉంది. బుకింగులు చూసే కంపెనీవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే గదిని తమ జాబితాలోంచి తీసేస్తారట.

పిన్ని ఆ పూట నోట్లో ముద్ద పెట్టుకోలేదు. ఆ గది లేకపోతే ఆవిడ ఏమైపోతుందోనని నాకు నిజంగానే భయం వేసింది. బాబాయ్ మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు రాసి సీసాలన్నిటికీ అంటించాడు. నేలమందుని కిందికి తెచ్చేశాడు.

సరిగ్గా అప్పుడే ఆ ఫోనొచ్చింది. ఓ అమ్మాయి గొంతు. ఒకటే ప్రశ్నలు. మంచానికీ బాత్‌రూమ్‌కీ మధ్య ఏముంది? తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? నేల ఎక్కడైనా ఎగుడుదిగుడుగా ఉందా?

బాబాయ్ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "తనిఖీరా! కంపెనీ మనిషే. మామూలు మనుషులు ఇవన్నీ అడుగుతారా?" అన్నాడు.

పిన్ని ఫోన్ లాక్కుని వరండాలోకి వెళ్ళింది. చాలాసేపు మాట్లాడింది. లోపలికి వచ్చేసరికి మొహం గంభీరంగా ఉంది.

"ఎవరే?"

"గెస్టులు" అంది, అంతే.

వాళ్ళొచ్చే రోజు రానే వచ్చింది. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కిటికీ దగ్గర కాపలా కాస్తున్నాడు. బెల్లు మోగింది. ఉలిక్కిపడి తలుపు తీశాడు. ఎదురుగా పెట్టెతో పిన్ని! కళ్ళకి తువ్వాలు గట్టిగా బిగించి కట్టుకుని ఉంది.

"ఇవాళ కూడానా! వాళ్ళొచ్చే వేళైందే తల్లీ!"

"ఎవరండీ మాట్లాడేది? రూమ్ బుక్ చేసుకున్నాను."

"రండి మేడం" అన్నాడు బాబాయ్ ఏడుపుగొంతుతో.

గదిలోకి వెళ్ళగానే పిన్ని మోకాలు స్టూలుకి కొట్టుకుంది. "తీసెయ్యండి దీన్ని!" అని అరిచింది. అది బాబాయ్ ముచ్చటపడి చేయించిన స్టూలు. ఆయన మొహం చిన్నబోయింది. నేను దాన్ని మూలకి జరిపాను. పిన్ని అక్కడికీ వెళ్ళి గుద్దుకుంది. దాంతో అది కిందికి పోయింది. మంచాన్ని గోడవారకి జరిపించింది. గోడ పట్టుకుని నడిస్తే నేరుగా బాత్‌రూమ్ తలుపు చేతికి తగలాలట. గాజుగ్లాసులు పోయి స్టీలువి వచ్చాయి. కెటిల్ పోయి ఫ్లాస్కు వచ్చింది. పాత పట్టా పోయి, కిందంతా రబ్బరు బుడిపెలున్న కొత్తపట్టా వచ్చింది. దానిమీద గంతులు కూడా వేసింది. దిండు పక్కన వైర్లేని బెల్లు బటన్ పెట్టించింది. నొక్కితే కింద మా హాల్లో మోగుతుంది.

చివరికి సీసాల దగ్గరికొచ్చింది. చేతుల సబ్బుకి ఒక రబ్బరు బ్యాండు, ఒంటి సబ్బుకి రెండు, షాంపూకి మూడు చుట్టింది.

బాబాయ్‌కి ఒళ్ళు మండింది. "చీటీలు నిక్షేపంలా ఉన్నాయి కదా! రబ్బరు బ్యాండ్లెందుకు?"

"చదవలేనివాళ్ళొస్తే?"

"చదువురానివాళ్ళు ఆన్‌లైన్‌లో గది బుక్ చేస్తారటే? ఆ తనిఖీవాళ్ళు ఇవి చూసి మనకి మతిపోయిందనుకుంటారు!"

ఆయన ఒక బ్యాండు పీకబోతుంటే వీధిలో కారు ఆగింది. మా పైప్రాణాలు పైనే పోయాయి. పిన్ని తువ్వాలు విప్పేసి, మా ఇద్దరి వైపూ వేలు చూపించి, "ఎవరూ చెయ్యి పట్టుకోకూడదు. అయ్యో అనకూడదు" అంది. ఏమిటో అర్థం కాకుండానే ఇద్దరం తలలూపాం.

కారులోంచి ఓ అమ్మాయి దిగింది. వెనక ఆ అమ్మాయి తండ్రి దిగాడు. ఆయన ఒక కంటికి చూపు ఎప్పుడో పోయిందట. రెండో కంటికి ఆపరేషన్ జరిగి కట్టు కట్టి ఉంది. కట్టు విప్పేదాకా డాక్టరుకి దగ్గర్లో ఉండాలి.

బాబాయ్ నోరు "అయ్‌..." దాకా వెళ్ళింది. పిన్ని ఆయన కాలు తొక్కింది. "అయ్‌... ఐదు నిమిషాల్లో కాఫీ ఇస్తాం సార్" అన్నాడు.

గోడ దారీ, బెల్లూ, బ్యాండ్ల లెక్కా నోటితోనే చెప్పి గది చూపించి కిందికి వచ్చాక ఆ అమ్మాయి అసలు సంగతి చెప్పింది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఒంటికన్నుతోనే ఇన్నాళ్ళూ పని లాక్కొచ్చాడు. ఆ కన్నూ మసకబారింది. అయినా ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు. బాత్‌రూమ్‌కి కూతురు చెయ్యి పట్టుకుని వెళ్ళాలంటే ఆయనకి చచ్చేంత సిగ్గట. "ఎవరి సాయం లేకుండా తిరగ్గలిగితేనే ఉంటాను, లేదంటే కట్టు విప్పకముందే ఇంటికి పోతాను" అని షరతు పెట్టి వచ్చాడు.

"మధ్యలో వెళ్ళిపోతే కన్ను దక్కదు ఆంటీ" అంది ఆ అమ్మాయి. కళ్ళు తుడుచుకుని, మందులు తేవడానికి వెళ్ళింది.

"ముందే చెప్పొచ్చు కదే!" అన్నాడు బాబాయ్ గుసగుసగా.

"చెబితే మీరిద్దరూ పొద్దున్నించీ జాలి పడుతూ కూర్చునేవారు. మీ మొహాలు ఆయనకి కనపడవు గానీ, మీ గొంతులు వినపడతాయి కదండీ."



అంతలో పైన మంచం కిర్రుమంది. ముగ్గురం కప్పు వైపు చూశాం. అడుగు పడింది. ఇంకో అడుగు. గోడమీద అరచెయ్యి రాసుకుంటున్న చప్పుడు మెల్లగా బాత్‌రూమ్ వైపు సాగింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"పడ్డాడేమోనే" అంటూ బాబాయ్ మెట్ల మీదికి దూకాడు. పిన్ని రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "పడితే చప్పుడొచ్చేది. ఆగండి" అంది.

ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం.

పైన కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. నీళ్ళు ధారగా పడుతున్నాయి. బాబాయ్ మెట్టు మీద కూలబడ్డాడు. అడుగులు మళ్ళీ గోడవారనే వెనక్కి వచ్చాయి, మంచం కిర్రుమంది. హమ్మయ్య అనుకున్నామో లేదో, హాల్లో బెల్లు గణగణా మోగింది.

ముగ్గురం మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కేశాం. ఆయన మంచం మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు.

"ఏమనుకోకమ్మా, ఒక ఫిర్యాదు."

ఆ మాటకి బాబాయ్ గోడ పట్టుకున్నాడు.

"రెండు రబ్బరు బ్యాండ్ల సీసా ఖాళీ. నొక్కితే గాలొస్తోంది. మూడు బ్యాండ్లది షాంపూ అనుకుంటాను, డాక్టరు తల తడపొద్దన్నాడు కాబట్టి దాని జోలికి పోలేదు."

పిన్ని మొహం చూడాలి అప్పుడు! ఫిర్యాదు విని అంత మురిసిపోయిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు. "ఇప్పుడే నింపిస్తానండీ! ఇంకేమైనా ఉన్నాయా ఫిర్యాదులు?" అని ఆశగా అడిగింది. బాబాయ్ తల వంచుకుని సీసా తీసుకుని కిందికి నడిచాడు. నింపి పైకి తెచ్చేముందు, బ్యాండ్లు రెండూ బిగువుగా ఉన్నాయో లేదో తనే సరిచూశాడు.

కట్టు విప్పేదాకా ఆ గడియారాలాయన కదల్లేదు. విప్పే రోజు తండ్రీకూతుళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళి చాలాసేపైంది. పిన్ని గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఏదో పని కల్పించుకోకపోతే ప్రాణం నిలవక, గదిని వాళ్ళు రాకముందు ఎలా ఉందో అలా సర్దేసింది.

బెల్లు మోగింది. బాబాయ్ తలుపు తీశాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చేతిలో పెట్టెతో ఆయన ఒక్కడే గుమ్మంలో నిలబడ్డాడు. వీధిలో కూతురు నవ్వుతోంది.

"రూమ్ బుక్ చేసుకున్నాను" అన్నాడాయన. "ఇన్నాళ్ళున్నానుగానీ చూడనే లేదు. చూపిస్తారా?"

బాబాయ్ "రండి సార్" అని పెట్టె అందుకున్నాడు.

ఆయన గదంతా కళ్ళారా చూసుకున్నాడు. గోడ మీద చెయ్యి పెట్టి, తను నడిచిన దారినే మళ్ళీ నడిచాడు. సగం దారిలో మోకాలు ఠక్కున స్టూలుకి కొట్టుకుంది.

"ఇదేమిటమ్మా! కళ్ళు కనపడనప్పుడు ఇది తగల్లేదే!"

"ఫిర్యాదా అండీ?" అంది పిన్ని కళ్ళు మెరిపిస్తూ.

"ఫిర్యాదే!"

ఆ స్టూలు ఇప్పుడు కింద నా మంచం పక్కన ఉంది. రోజూ నా మోకాలికి తగులుతోంది. పిన్నికి చెప్పాను. గెస్టులు కానివాళ్ళ ఫిర్యాదులు తీసుకోదట.